తాలు కాయల పొగ

రహమతున్నీసా పిడుగురాళ్లలో పుట్టింది. ఇంటి ముందు రోడ్డు తెల్లగా ఉండేది. వేపచెట్లు తెల్లగా ఉండేవి. నాన్న ఖాజావలి సున్నపు బట్టీ నుంచి వచ్చేటప్పటికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. సందు మొదట్లో కనిపించే మనిషి నాన్నో, బట్టీలో పనిచేసే ఇంకొకరో మొహం చూసి చెప్పడం కష్టం. ఆమె నీడను చూసి చెప్పేది. నాన్న ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు. నీడ కూడా ఈడ్చేది.

చాలా ఏళ్ళ తర్వాత ఆమె ఉద్యోగం అదే అయింది.

ఆకాశంలో సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్ళున్నాయి. గ్రహశకలాలంటారు. మంచు కలిసినవైతే తోకచుక్కలంటారు. అలాంటి రాయి దగ్గరికి ఒక నౌకను పంపితే అక్కడ దానికి దారి చెప్పే దిక్కు లేదు. భూమి నుంచి మాట వెళ్ళి జవాబు వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడికిపోతుంది. రాయి చిన్నది, లాగి పట్టుకునే బలం దానికి లేదు. మీద పడే ఎండ కూడా నౌకను పక్కకు తోస్తుంది. అందుకని నౌక తన కెమెరాతో తానే చూడాలి. ఇది ఫలానా బండ, ఇది ఫలానా గుంట అని గుర్తుపట్టాలి. తానెక్కడుందో తానే తెలుసుకోవాలి.

ఆ గుర్తుపట్టడం నౌకకు నేర్పడమే రహమతున్నీసా పని. బండను కాదు, బండ నీడను చూడమని ఆమె నేర్పింది.

గుంటూరులో ఇంజినీరింగ్ చదివింది. బెంగుళూరులో పరిశోధన చేసింది. వేరే దేశాల నౌకలు తీసి అందరికీ విడుదల చేసిన బొమ్మలను ముందేసుకుని యవ్వనమంతా కూర్చుంది. ఆమె నీడల పద్ధతి మీద మంచి వ్యాసాలు వచ్చాయి. దూరదేశాల్లో వాటిని చదివిన వాళ్ళున్నారు. కానీ ఆ పద్ధతి ఎన్నడూ ఎగరలేదు. రెండుసార్లు నౌక తయారవుతుందన్నారు. రెండుసార్లూ ఆలోచన దగ్గరే ఆగిపోయింది. తర్వాత మంగళగిరిలో ఒక చిన్న పరిశోధన కేంద్రం తెరిచారు. భర్త అన్వర్‌కు అక్కడే చీరల కొట్టు ఉంది. ఆమె ఆ కేంద్రంలో చేరింది. మూడోసారి నౌక నిజంగానే తయారవుతోంది. మంగళగిరి కొండంత కూడా లేని ఒక రాయి చుట్టూ తిరిగి రావడానికి. దిగడం లేదు, తిరగడమే.

అప్పుడు కోటేశ్వరి వచ్చింది.

పర్చూరు దగ్గర పల్లె. ఇంట్లో మిరప, పత్తి. ఆ అమ్మాయిని ఇంటర్వ్యూ చేసిందీ, తీసుకోమన్నదీ రహమతున్నీసాయే. రెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. నీడ అంటే ఏమిటో, ఎండ తిరిగితే గుంట ఎలా మెరకలా కనపడి మోసం చేస్తుందో చెప్పింది. కోటేశ్వరి అన్నీ విన్నది. విని, నీడతో పని లేని ఇంకో పద్ధతి తయారు చేసింది. ఏది గుర్తు పెట్టుకోవాలో నౌకకు మనం చెప్పనక్కర్లేదు. చూస్తూ చూస్తూ అదే ఎంచుకుంటుంది.

"తప్పులుంటే చెప్పండి మేడమ్" అంటూ రాసింది తెచ్చి ఇచ్చింది.

రహమతున్నీసా దాన్ని ఇంటికి తీసుకెళ్ళి చదివింది. కామాలు సరిచేసింది. ఒక చోట అంకె కింద గీత లేకపోతే పెట్టింది. ఇంకేమీ దొరకలేదు. మర్నాడు ఇచ్చేటప్పుడు "ఇంగ్లీషు చూసుకోవాలి నువ్వు" అంది.

"అవును మేడమ్, నాది పర్చూరు ఇంగ్లీషు" అని కోటేశ్వరి నవ్వింది. ఆ నవ్వు కూడా బాగుండటం ఆమెకు నచ్చలేదు.

అక్కడి నుంచి ఏదీ నచ్చలేదు. ఆ పిల్ల టిఫిన్ బాక్సులో గోంగూర వాసన. పాట పాడుకుంటూ పని చేయడం. కష్టమైన చోట కూడా కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చోవడం. కేంద్రం పెద్ద అంకమ్మరావు గారు "మన కోటేశ్వరి" అనడం. ఆయన ఇన్నేళ్ళలో "మన రహమతున్నీసా" అనలేదు. మేడమ్ అనేవారు, గౌరవంగా.

అన్నం దగ్గర అన్వర్ అడిగేవాడు.

"ఇవాళ ఏం చేసింది?"

ఎవరని అడిగేవాడు కాదు.

"ఏం చెయ్యలేదు."

"మరి పప్పులో ఉప్పు రెండుసార్లు ఎందుకు పడింది?"

"తింటే తినండి, లేకపోతే పెరుగేసుకోండి."

"మా బజారులో అంతే. పక్క కొట్టు వాడికి గిరాకీ వస్తే నా చీర రంగు నాకే వెలిసినట్టు కనపడుద్ది" అని అతను పెరుగు వేసుకునేవాడు.

నౌకలో రెండు పద్ధతులూ పెట్టొచ్చు. కానీ దారి చెప్పేది ఒకటే. రెండోది వెనక కూర్చుంటుంది. మొదటిది దారి తప్పితేనే నోరు విప్పుతుంది. ఏది ముందు, ఏది వెనక అని తేల్చడానికి సమావేశం పెట్టారు. ఒకరి పద్ధతిని ఇంకొకరు పరీక్షించి చెప్పాలి. కోటేశ్వరి రహమతున్నీసా పద్ధతిని పరీక్షించి ఒక్క పేజీ రాసింది. అంతా మెచ్చుకోలే. నమ్మకంగా ఉంటుంది, గట్టిది, అని. ఆ మెచ్చుకోలు చదువుతుంటే రహమతున్నీసాకు ఒళ్ళు మండింది. ముసలి ఎద్దును మెచ్చుకున్నట్టుంది.

తన వంతు పరీక్ష ఆమె శ్రద్ధగా చేసింది. కంప్యూటర్లో ఆ రాయి బొమ్మ ఉంది. దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, ఎండ మార్చి కోటేశ్వరి పద్ధతికి చూపించింది. దారి తప్పలేదు. మసక చేసి చూపించింది. తప్పలేదు. అప్పుడామెకు పిడుగురాళ్ల గుర్తొచ్చింది. బొమ్మ మీద ధూళి కప్పింది. తోకచుక్క చుట్టూ ఉండేలాంటి ధూళి. కొంచెం కప్పితే ఆ పద్ధతి తట్టుకుంది. ఇంకొంచెం కప్పింది. తట్టుకుంది. కప్పుతూ పోయింది. చివరికొక చోట పడిపోయింది. బండను గుంట అంది, గుంటను ఇంకేదో అంది.

రహమతున్నీసా కుర్చీ వెనక్కి వాలి కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ధూళిలో దారి తప్పుతోంది, దీనికి ముందు స్థానం ఇవ్వడం మంచిది కాదు, అని అంకమ్మరావు గారికి రాసి పంపింది. రాసింది అబద్ధం కాదు. పడిపోవడం ఆమె కళ్ళతో చూసింది.

సమావేశం మర్నాడనగా సాయంత్రం కోటేశ్వరి తల్లిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. వెంకటేశ్వరమ్మ పొడుగు మనిషి. మాట ఇంకా పొడుగు. చెప్పులు గుమ్మం బయట విడుస్తూనే మొదలుపెట్టింది.

"ఏందమ్మా, ఇల్లు ఇంత చిన్నదా? రాకెట్లు పంపేవాళ్ళంటే మేడలుంటాయనుకున్నా."

"చిన్నదే, కూర్చోండి."

"కూర్చుంటాలే. ముందు పని కానీ. దీని మొహం చూడు ఎట్టా పీక్కుపోయిందో. పదిమంది కళ్ళూ దీని మీదే ఉన్నయ్యి. ఊళ్ళో వాళ్ళకి తెలిసినకాణ్ణుంచీ ఒకటే గొడవ. ఆడపిల్ల ఆకాశానికి దారి చెప్తందంట అని. దిష్టి తియ్యాల."

"అమ్మా, ఇక్కడ కూడానా" అంది కోటేశ్వరి.

"నువ్వు నోర్మూసుకో. నేను తీస్తే పోదమ్మా, కన్నతల్లి కన్ను ముందు తగులుద్ది. నువ్వు పెద్దదానివి, చదువు చెప్పినదానివి. నువ్వు తియ్యి."

చీరకొంగు ముడి విప్పి గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు రహమతున్నీసా చేతిలో పోసింది.

పద్ధతి ఆమెకు కొత్త కాదు. పిడుగురాళ్లలో అమ్మ కూడా తీసేది. దిష్టి అనేది కాదు, నజరు అనేది. మిరపకాయలు మాత్రం అవే. తల చుట్టూ తిప్పి నిప్పులో వేస్తే ఘాటు రావాలి. ఇల్లంతా దగ్గాలి. అలా వస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. కాయల్లోని ఘాటునంతా దిష్టే తినేసినట్టు.

కోటేశ్వరిని స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ కళ్ళు మూసుకుంది. రహమతున్నీసా పిడికిలి తిప్పడం మొదలుపెట్టింది.

"నోటితో అనాలమ్మా. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..."

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి."

"ఊరి దిష్టి, వాడ దిష్టి, నా దిష్టి..."

రహమతున్నీసా ఆగింది.

"అను తల్లీ. నా దిష్టి."

"నా దిష్టి" అంది.

వంటింట్లో పొయ్యి మీద ఇనుప పెనం కాలుతోంది. కాయలు అందులో వేసింది. ఉప్పు చిటపటమంది. కాయలు నల్లబడ్డాయి. పొగ లేచింది. నలుగురూ అటే చూశారు. కొట్టు మూసి అప్పుడే వచ్చిన అన్వర్ ముక్కు మూసుకోబోయి ఆగిపోయాడు. ఎవరికీ దగ్గు రాలేదు. కాగితం కాలిన వాసన వచ్చిందంతే.

వెంకటేశ్వరమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"చూశావా! ఇంత దిష్టి నా జన్మలో చూళ్ళా. ఎవరి కన్నో గానీ, నిప్పుల్లాంటి కన్ను."

రహమతున్నీసా పెనం వైపే చూస్తూ ఉంది.

కోటేశ్వరి స్టూలు మీద నుంచి లేచి వచ్చి, పెనం పక్కన పడిన ఒక కాయను తీసి విరిచింది. లోపల గింజ లేదు. పైన ఎరుపు కూడా లేదు. వానకు తడిసి తెల్లబోయిన కాయ.

"అమ్మా, ఇవి తాలు."

"అయితే?"

"తాలు కాయలకి ఘాటెక్కడ నుంచి వస్తుందే? ఎవరికి తీసినా రాదు. మంచివన్నీ మిర్చి యార్డుకేసి, తాలు దిష్టికి దాస్తావు. అందుకే మనింట్లో అందరికీ ఎప్పుడు చూసినా దిష్టే."

"దిష్టికి మంచి కాయలు ఎవత్తన్నా తగలేసుద్దా?"

"మన దూడకి కూడా తీశావు. దానిక్కూడా దిష్టే అన్నావు."

"ఉంది కాబట్టే అది చచ్చింది!"

అన్వర్ నవ్వాడు. కోటేశ్వరి నవ్వింది. వెంకటేశ్వరమ్మ కూడా కాసేపటికి నవ్వింది. రహమతున్నీసా విరిగిన కాయను చేతిలోకి తీసుకుంది. బరువు లేదు.

ఎవరికి తీసినా రాదు.

వాళ్ళు వెళ్ళాక గిన్నెలు కడిగింది. ఆ మాట పోలేదు. పడేదాకా ధూళి కప్పింది. పడగానే ఆపింది. అదే ధూళిలో తన పద్ధతి ఏం చేస్తుందో చూడలేదు. చూడమని ఎవరూ అడగలేదు. రేపు కూడా అడగరు. నీడల మీద అంకమ్మరావు గారికున్న నమ్మకం అలాంటిది. ఆ నమ్మకం ఆమె సంపాదించుకున్నదే.

పొద్దున్నే, ఎవరూ రాకముందే ఆఫీసుకు వెళ్ళింది. ఊడ్చే మనిషి గదులు తెరుస్తోంది. రహమతున్నీసా ఆ ధూళి బొమ్మలను తన పద్ధతికి చూపించింది. మొదటి బొమ్మకే పడిపోయింది. ధూళి సగం చేసింది. పడిపోయింది. ఇంకా తగ్గించింది. కోటేశ్వరిది తడబడకుండా నడిచిన పలచని ధూళిలో కూడా నీడలు కరిగిపోయాయి. ఇన్నేళ్ళు నమ్ముకున్నది, గట్టిగా ఊపిరి వదిలితే లేచేంత దుమ్ములో నాన్నను గుర్తుపట్టలేకపోయింది.

అయినా నౌక వెళ్ళే రాయి చుట్టూ ధూళే లేదు. అది కూడా ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. ఈ పరీక్ష సంగతి తెలిసింది ఆమెకూ ఈ కంప్యూటర్‌కూ. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఆమె నీడలే దారి చెబుతూ ఎగురుతాయి. రెండుసార్లు ఆగిపోయినవి, మూడోసారి ఎగురుతాయి. నాలుగోసారి అంటూ ఉండదని ఆమె వయసుకు తెలుసు.

సమావేశంలో అంకమ్మరావు గారు మొదట ఆమె రాసిన సంగతే ఎత్తారు.

"ధూళి విషయం మేడమ్ కనిపెట్టారు. కోటేశ్వరీ, ఏమంటావమ్మా?"

కోటేశ్వరి మొహం చిన్నబోయింది. ఆమెకు ఈ మాట ముందు తెలియదు. రహమతున్నీసా ఆ మొహాన్ని చూసింది. అలా చూడాలని ఎన్ని రోజులుగా అనుకుందో. చూస్తే బాగానే ఉంది. కొంచెంసేపు చూసింది.

"ఆ పరీక్ష నేను వెనక్కి తీసుకుంటున్నానండీ" అంది.

"ఎందుకని?"

"ఆ బొమ్మలు తాలు."

అంకమ్మరావు గారిది నరసరావుపేట. ఒక్క క్షణం ఆగి, ఫక్కున నవ్వారు. బెంగుళూరు నుంచి తెర మీద కనిపిస్తున్న పెద్దమనిషి, తాలు అంటే ఏమిటని అడిగాడు.

"మిరపకాయల్లో ఒక రకం సర్" అన్నారు అంకమ్మరావు గారు. తర్వాత ఆమె వైపు తిరిగారు. "మరి అదే ధూళిలో మీ పద్ధతి?"

"పడిపోయింది. అమ్మాయి దానికంటే చాలా ముందే."

"దాన్ని పరీక్షించమని మిమ్మల్నెవరూ అడగలేదే?"

"అడగలేదు."

ఆ తర్వాత తేలడానికి ఎంతో సేపు పట్టలేదు. కోటేశ్వరిది ముందు. ఆమెది వెనక.

వరండాలో కోటేశ్వరి వెనకే పరిగెత్తుకొచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందేమోనని రహమతున్నీసా మొహం గట్టిగా పెట్టుకుంది. ఆ పిల్ల ఆ ఊసే ఎత్తలేదు.

"మేడమ్, ఆ ధూళి బొమ్మలు నాకిస్తారా?"

"ఎందుకు?"

"అవి తాలు కావు మేడమ్. ఈ రాయికి పనికిరావు గానీ, తోకచుక్క దగ్గరకి పోయే నౌకకి కావాల్సింది అవే. అంత ధూళి నాకు తోచనే లేదు. మీకెట్టా తోచింది?"

రహమతున్నీసా మెట్లు దిగసాగింది. తన చేతుల్లో పుట్టిన ఆలోచన తోకచుక్క దాకా వెళ్తుందని తనకు తోచలేదు. ఈ పిల్లకు మెట్లు దిగేలోపు తోచింది. కడుపులో మంట మళ్ళీ మొదటి రోజులాగే లేచింది. బొమ్మలు మాత్రం ఆ సాయంత్రమే పంపింది.

నౌక వెళ్ళింది. చాలా కాలం చీకట్లో నడిచింది. రాయి దగ్గరికి చేరిన రోజు అందరూ తెర ముందు నిలబడ్డారు. తెర మీద రెండు గళ్ళు. ఒకటి కోటేశ్వరిది. నౌక ఎక్కడుందో అది చెబుతూనే ఉంది, అంకెలు మారుతూనే ఉన్నాయి. రెండోది రహమతున్నీసాది. మొదటిది చెప్పినదాన్ని నీడలతో సరిచూసుకుని, తేడా ఉంటేనే అది పలకాలి. రాయి చుట్టూ తిరిగినంతకాలం ఆ గడిలో "తేడా లేదు" అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు ఆమె కూడా కొట్టింది. ఆమె నీడలు ఎగిరాయి. నోరు మూసుకుని ఎగిరాయి.

ఆ ఏటి కాయ కల్లం మీద నుంచి లేచాక వెంకటేశ్వరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి సంచితో వచ్చింది.

"తేజ కాయలమ్మా. తాలు తెస్తే ఈ పిల్ల నన్ను బతకనియ్యదు. ఊరంతా టీవీలో చూశారు దీన్ని. తియ్యి దిష్టి."

రహమతున్నీసా తీసింది. "నా దిష్టి" దగ్గర ఈసారి ఆగలేదు. కాయలు పెనం మీద పడీ పడకముందే ఘాటు గొంతులు పట్టుకుంది. ముందు గదిలో అన్వర్ లుంగీ అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. పక్కింటి వాళ్ళు తలుపులు వేసుకున్నారు.

"ఏం దిష్టీ లేదు!" దగ్గుతూనే అరిచింది వెంకటేశ్వరమ్మ. "సుబ్బరంగా ఉంది నా బిడ్డ!"

కోటేశ్వరిని తోకచుక్క పనికి పిలిచిన సంగతి రహమతున్నీసాకు ఆ పొద్దున్నే తెలిసింది. పొద్దుటి నుంచీ ఆమె ఏమీ తినలేదు.

"నువ్వు కూర్చో తల్లీ, నీకూ తీస్తా" అంది వెంకటేశ్వరమ్మ ఆమెతో.

"నాకెవరు పెడతారండీ దిష్టి?"

"నేన్లేనా మేడమ్" అంది కోటేశ్వరి, కళ్ళు తుడుచుకుంటూ. "మీ నీడల వ్యాసం మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది నాకెందుకు తోచలేదా అని."

అది ఎగతాళో, నిజమో, పొగలో ఆ మొహం సరిగ్గా కనపడలేదు.

"అయితే ఇంకేం, కూర్చో" అంది వెంకటేశ్వరమ్మ, సంచిలోంచి గుప్పెడు తీసి.

రహమతున్నీసా స్టూలు మీద కూర్చుంది. పిడికిలి ఆమె తల చుట్టూ తిరిగింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరి దిష్టి, వాడ దిష్టి, నా కూతురి దిష్టి. పెనం ఇంకా వేడిగానే ఉంది. అవి తేజ కాయలు. ఘాటు రాక మానదు. అయినా రాకూడదని ఆమె కోరుకుంది.